షట్టర్ మార్చిన కెమెరా కొనవచ్చునా? కౌంటు అంకెను ఎలా చదవాలి, దేన్ని ఎంచుకోవాలి

ఆషాఢం వచ్చి ముహూర్తాలు ఆగాక, కొత్త బాడీలకు (లెన్సు కాక అసలు కెమెరాకు) మారదామనుకునే పెళ్లి ఫోటోగ్రాఫర్లు పాతవాటిని అమ్మకానికి పెడతారు. ఆ రోజుల్లో సెకండ్ హ్యాండ్ కెమెరా కోసం తిరిగేవారికి ఒకే మోడల్ మూడు రూపాల్లో ఎదురవుతుంది. ఇరవై వేల క్లిక్కులు కూడా దాటకుండా బీరువాలో ఉండిపోయిన బాడీ ఒకటి, లక్షన్నర దాటాక షట్టర్ మార్పించిన బాడీ ఇంకొకటి, లక్ష దాటినా మొదటి షట్టర్‌తోనే నడుస్తూ అందుకే అన్నిటికన్నా తక్కువ ధర పలికే బాడీ మరొకటి. వీటికి తోడు, చేతిలో ఉన్న కెమెరాకే కొత్త షట్టర్ వేయించుకుందామా, లేదా మెకానికల్ షట్టరే లేని కెమెరాకు వెళ్లిపోదామా అన్న రెండు ప్రశ్నలూ ఉంటాయి. ఈ ఐదు దారుల్లో ఏది ఎవరికి నప్పుతుందో చెప్పాలంటే, అమ్మేవారూ కొనేవారూ ఇద్దరూ పట్టుకుని వేలాడే ఆ షట్టర్ కౌంటు, అంటే కెమెరా ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందో చెప్పే అంకె, అసలు దేన్ని లెక్కపెడుతోందో ముందుగా తేల్చుకోవాలి.

అంకె షట్టర్‌దా, బోర్డుదా?

ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (పాత 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్నది) సెన్సర్ ఎత్తు 24 మిల్లీమీటర్లు. దాని ముందు షట్టర్‌గా రెండు కర్టెన్లు ఉంటాయి; ఒకటి తెరుస్తుంది, రెండోది మూస్తుంది. ఒక్కొక్కటీ ఒకదానిమీద ఒకటి ముడుచుకునే పలుచని బ్లేడ్ల కట్ట. ఫ్లాష్ సింక్ వేగం (మామూలుగా ఫ్లాష్ వాడగలిగే గరిష్ఠ షట్టర్ వేగం) 1/250 సెకను ఉన్న కెమెరాలో కర్టెన్ ఆ 24 మిల్లీమీటర్లనూ 4 మిల్లీసెకన్లలోపే దాటేయాలి. 1/8000 వేగంతో ఫోటో తీసినప్పుడు కర్టెన్లు అంతకన్నా త్వరగా ఏమీ పరుగెత్తవు. రెండింటి మధ్య సుమారు ఒక మిల్లీమీటరు సందు మాత్రమే మిగిలి, ఆ సందు సెన్సర్ మీదుగా జారిపోతుంది. అంత వేగంగా వచ్చిన బ్లేడ్లు చివరన ఠక్కున ఆగాలి, మళ్లీ మొదటి స్థానానికి రావాలి, మరుక్షణం మళ్లీ పరుగెత్తాలి. అరుగుదల అంతా ఈ ఆగడంలోనూ, బ్లేడ్లను పట్టి ఉంచే సన్నని పిన్నుల దగ్గరా, స్ప్రింగుల్లోనూ జరుగుతుంది.

ఈ పరుగులను లెక్కపెట్టే యంత్రమేదీ షట్టర్ యూనిట్‌లో ఉండదు. లెక్క రాసుకునేది కెమెరా మెయిన్ బోర్డు మీది మెమరీ. అంటే మనం షట్టర్ వయసు అనుకుంటున్నది నిజానికి బోర్డు రాసుకున్న పద్దు. మరమ్మతు జరగని కెమెరాలో ఈ రెండూ ఒకటే కాబట్టి తేడా కనిపించదు. మరమ్మతు జరిగితే మాత్రం రెండూ విడిపోతాయి. బండికి ఇంజన్ మార్చినా మీటరులోని కిలోమీటర్లు అలాగే ఉంటాయి, మీటరు మారిస్తే ఇంజన్ పాతదే అయినా అంకె సున్నా నుంచి మొదలవుతుంది. కెమెరాలోనూ వ్యవహారం అంతే.

| జరిగిన మరమ్మతు | కౌంటు ఏమవుతుంది | అంకెను ఎలా అర్థం చేసుకోవాలి |
|---|---|---|
| షట్టర్ యూనిట్ మాత్రమే మార్చారు, అంకెను ముట్టుకోలేదు | పాత అంకె నుంచే కొనసాగుతుంది | బాడీ వయసు సరిగ్గా చెబుతుంది. షట్టర్ వయసు కోసం మార్చిన రోజునాటి అంకెను తీసివేయాలి |
| షట్టర్ మార్చి, సర్వీస్ సాఫ్ట్‌వేర్‌తో అంకెను సున్నా చేశారు | సున్నా నుంచి మొదలవుతుంది | షట్టర్ వయసు నిజం. బాడీ వయసు దాగిపోయింది |
| మెయిన్ బోర్డు మాత్రమే మార్చారు | పాత అంకెను తిరిగి రాయకపోతే సున్నా నుంచి మొదలవుతుంది | షట్టర్ పాతదే. అంకె దేని వయసూ చెప్పదు |
| షట్టర్, బోర్డు రెండూ మార్చారు | సాధారణంగా సున్నా నుంచి మొదలవుతుంది | షట్టర్ వయసు నిజం. మిర్రర్, డయళ్లు, మౌంటు (లెన్సు బిగించే చోటు) వయసు తెలియదు |

వీటిలో ప్రమాదకరమైనది మూడో వరుస. నీళ్లు పడో, షార్ట్ అయ్యో బోర్డు పోయిన కెమెరా కొత్త బోర్డుతో తిరిగివస్తే, దాని పాత షట్టర్ ఎన్ని లక్షలు కొట్టినా అంకె మాత్రం పసిపాపలా ఉంటుంది. అమ్మేవారికి మోసం చేసే ఉద్దేశం లేకపోయినా, ఆ అంకె చూపించే ధర చెబుతారు.

నాకు ఇది సొంత అనుభవంలోనే తెలిసింది. కొన్నేళ్ల క్రితం తొమ్మిది వేల క్లిక్కులున్న ఫుల్‌ఫ్రేమ్ బాడీ ఒకటి కొన్నాను. అమ్మిన ఫోటోగ్రాఫరే అంతకు ముందు మా బంధువుల పెళ్లి తీశారు. ఒరిజినల్ ఫైళ్లు మా ఇంట్లో హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఏదో పనిమీద వాటిని తెరిచినప్పుడు, తలంబ్రాల ఫోటో ఒకదాని ఎగ్జిఫ్ సమాచారంలో (ఫోటో ఫైలులోనే కెమెరా రాసిపెట్టే వివరాల్లో) నా కెమెరా సీరియల్ నంబరే కనిపించింది, దాని పక్కన షట్టర్ కౌంటు 1,12,000 పైచిలుకు ఉంది. నేను కొనడానికి రెండేళ్ల ముందు తీసిన ఫోటో అది. అడిగితే, వానలో తడిసినప్పుడు బోర్డు మార్పించానని, షట్టర్ జోలికి పోలేదని ఆయన మొహమాటపడకుండా చెప్పారు. కొనేముందు నేను అడిగి ఉంటే అప్పుడూ చెప్పేవారేమో. అడగనిది నేనే. ఆ కెమెరా ఇంకా పనిచేస్తూనే ఉంది, కాకపోతే తొమ్మిది వేల క్లిక్కుల ధర పెట్టి లక్ష దాటిన షట్టర్ కొన్నాను.

అంకె ఎక్కడ దొరుకుతుంది

నికాన్ డీఎస్ఎల్ఆర్‌లు (లోపల అద్దం, అంటే మిర్రర్, ఉన్న కెమెరాలు) ప్రతి జేపెగ్, రా ఫైలులోనూ కౌంటు రాస్తాయి. ఎడిటింగ్ చేయని ఫైలు ఒక్కటి తెచ్చుకుని ఎగ్జిఫ్‌టూల్ వంటి సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే చాలు. పెంటాక్స్ ఫైళ్లలోనూ, చాలా సోనీ ఫైళ్లలోనూ ఇదే సాఫ్ట్‌వేర్ అంకెను చదవగలదు. కెనాన్ బాడీల్లో ఎక్కువ భాగం ఫైలులో రాయవు కాబట్టి, కెమెరాను యూఎస్‌బీ వైరుతో కంప్యూటరుకు కలిపి చదవాలి. 1డి ఎక్స్ తరగతి బాడీలు మాత్రం మెనూలోనే వేల లెక్కన చూపిస్తాయి. ఫోటో ఫైలు పేరు చివర ఉండే నాలుగంకెల సంఖ్యను చూపించి ఇదే కౌంటు అని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. అది 9999 తర్వాత మళ్లీ 0001కి వస్తుంది, కావాలంటే మెనూలోనే మార్చుకోవచ్చు. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. నికాన్ జెడ్ వరుసలో ఫైలులో మామూలుగా కనిపించే కౌంటు, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో, అంటే కర్టెన్లతో పని లేకుండా సెన్సర్‌నే వరుసగా చదివే పద్ధతిలో, తీసినవాటిని కూడా కలుపుకుంటుంది. కర్టెన్ కదలకుండా తీసిన ఎనభై వేలు, కదిలించి తీసిన ఇరవై వేలు కలిసి లక్షగా కనబడవచ్చు. కొన్ని మోడళ్లలో మెకానికల్ కౌంటు విడిగా నమోదవుతుంది, ఉన్నచోట దాన్నే చూడాలి. డీఎస్ఎల్ఆర్‌లో దీనికి విరుద్ధంగా, లైవ్ వ్యూ (వెనుక తెర మీద చూస్తూ తీయడం), వీడియో కోసం మిర్రరూ షట్టరూ కదిలిన శ్రమ అంతా ఆ అంకెలో ప్రతిఫలించకపోవచ్చు.

రేటింగుతో మీ వాడకాన్ని కలిపి చూడండి

తయారీదారులు మోడల్‌ను బట్టి షట్టర్‌ను ఎన్ని క్లిక్కులకు పరీక్షించారో చెబుతారు, రేటింగు అంటే అదే. నికాన్ డి3500, డి5600, కెనాన్ 6డి, 80డి లకు లక్ష; నికాన్ డి750, డి7200, కెనాన్ 5డి మార్క్ 3, మార్క్ 4 లకు లక్షన్నర; నికాన్ డి850, కెనాన్ 7డి మార్క్ 2, ఈఓఎస్ ఆర్, సోనీ ఎ7 మార్క్ 3 లకు రెండు లక్షలు; కెనాన్ ఆర్6 మొదటి మోడల్‌కు మూడు లక్షలు; నికాన్ డి5, కెనాన్ 1డి ఎక్స్ మార్క్ 2 లకు నాలుగు లక్షలు; కెనాన్ ఆర్5, సోనీ ఎ9 లకు ఐదు లక్షలు. ఇది మందుల పెట్టె మీద ఉండే గడువు తేదీ వంటిది కాదు, ఆ అంకె వరకూ హామీ కూడా కాదు. ముప్పై వేలకే పోయిన షట్టర్లూ ఉన్నాయి, రేటింగుకు రెట్టింపు దాటినవీ ఉన్నాయి. రేటింగు దాటిన కొద్దీ పోయే అవకాశం పెరుగుతుందని మాత్రమే దాని నుంచి గ్రహించాలి.

ఆ రేటింగును మీ ఏడాది వాడకంతో భాగించి చూస్తే సగం బెంగ అక్కడే తీరుతుంది. పిల్లలు, ప్రయాణాలు, పండగలు తీసుకునే మనిషి ఏడాదికి ఐదు వేల ఫోటోలు తీస్తే, లక్షన్నర రేటింగు ముప్పై ఏళ్ల సరుకు. ఆయనకు ఇరవై వేల కౌంటుకూ అరవై వేల కౌంటుకూ ఆచరణలో తేడా లేదు, ఆ తేడా కోసం ఎక్కువ డబ్బు ఇవ్వనవసరం లేదు. పెళ్లికి మూడు వేల చొప్పున ఏడాదికి నలభై పెళ్లిళ్లు తీసేవారికి అదే లక్షన్నర పదిహేను నెలల ముచ్చట. ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చేవారి మాట పట్టించుకోనక్కర్లేదు.

తక్కువ కౌంటు, మొదటి షట్టర్

అందరూ కోరుకునేది ఇదే, అందుకే దీనికి ధర ఎక్కువ. షట్టర్ దృష్ట్యా ఇది నిస్సందేహంగా మేలు. కానీ పదేళ్లలో పదిహేను వేలు మాత్రమే కొట్టిన కెమెరా ఎక్కువ కాలం సంచిలోనే గడిపిందని అర్థం. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు తేమలో సంచిలో మూసి ఉంచిన కెమెరాకు వ్యూఫైండర్‌లో ఫంగస్ పట్టవచ్చు, గ్రిప్పు రబ్బరు ఉబ్బి జిగురుగా మారవచ్చు, లోపలి గ్రీజు గట్టిపడి షట్టర్ బద్ధకించవచ్చు. ఇవేవీ కౌంటులో కనబడవు. ఏడాదికి కొద్దిగా వాడే ఇంటి ఫోటోగ్రాఫర్‌కు, బాడీని చేత్తో పట్టి చూసి తృప్తిపడితే, ఇది మంచి ఎంపిక. అయితే అంకె మరీ తక్కువగా ఉండి, మౌంటు చుట్టూ గీతలు, హాట్ షూ (ఫ్లాష్ బిగించే చోటు) మీద రంగు లేచిపోవడం, డయల్ అంచులు నున్నబడటం కనబడితే, పట్టికలోని మూడో వరుసను గుర్తు తెచ్చుకోవాలి.

ఎక్కువ కౌంటు, మార్చిన షట్టర్

మన మార్కెట్లో అన్యాయంగా చౌకబడేది ఈ రకమేనని నా అభిప్రాయం. షట్టర్ మార్చారనగానే కొనేవారు వెనకడుగు వేస్తారు. కానీ షట్టర్ మార్చడమంటే కెమెరా పాడైపోయిందని కాదు, అరిగే భాగం మార్చారని. పైగా ప్రతి మార్పూ అరుగుదల వల్లే జరగదు. 2012లో వచ్చిన నికాన్ డి600 సెన్సర్ మీద మచ్చలు పడుతున్నాయని ఫిర్యాదులు వస్తే, 2014లో కంపెనీ వారంటీ గడువుతో సంబంధం లేకుండా ఉచితంగా శుభ్రం చేసి షట్టర్ కూడా మార్చి ఇస్తామని ప్రకటించింది. 2014లోనే విడుదలైన డి750లో కొన్ని బాడీల షట్టర్ సరిగా పనిచేయక ఫోటోలో కొంత భాగం నీడ పడుతోందని 2015లో ఒప్పుకుని, వాటికీ ఉచితంగా మార్చింది. కాబట్టి ఇరవై వేల దగ్గరే షట్టర్ మారిన డి600, డి750 కనిపిస్తే, దాన్ని తప్పుగా వాడారని అనుకోనక్కర్లేదు, సంతోషించాలి.

అసలు ప్రశ్న ఎవరు మార్చారు, ఎలా మార్చారు అన్నది. షట్టర్ తీయాలంటే చాలా బాడీల్లో సెన్సర్‌ను కూడా విప్పాలి. మౌంటు నుంచి సెన్సర్ వరకూ ఉండాల్సిన దూరం నికాన్ ఎఫ్ మౌంటులో 46.5 మిల్లీమీటర్లు, కెనాన్ ఈఎఫ్‌లో 44, సోనీ ఈలో 18, కెనాన్ ఆర్ఎఫ్‌లో 20, నికాన్ జెడ్‌లో 16. తిరిగి బిగించేటప్పుడు ఈ దూరంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా, సెన్సర్ ఒక పక్కకు వాలినా, డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ కళ్ల మీద పెడితే చెవుల మీద పడుతుంది, ఫోటోకు ఒక అంచు పదునుగా, రెండో అంచు మెత్తగా వస్తుంది. కోఠిలోనో విజయవాడలోనో చేయి తిరిగిన మెకానిక్కులు ఈ పని చక్కగా చేస్తారు. ఎవరు చేశారో తెలియని పనిని మాత్రం పెద్ద ఎపర్చర్‌లో (లెన్సు రంధ్రం బాగా తెరిచి) నాలుగు మూలలూ పరీక్షించకుండా నమ్మకూడదు. మార్చిన యూనిట్ కంపెనీ కొత్తదా, పాడైన ఇంకో బాడీ నుంచి తీసినదా అన్నది కూడా బిల్లు మీదే తేలాలి. పాత బాడీ నుంచి తీసిన షట్టర్‌కు దాని సొంత చరిత్ర ఉంటుంది, ఆ చరిత్ర ఏ అంకెలోనూ కనబడదు.

బిల్లు మీద తేదీ, సీరియల్ నంబరు, మార్చిన భాగం, ఆనాటి కౌంటు ఉంటే, కౌంటు రెండు లక్షలున్నా పెళ్లిళ్లు తీసేవారు నిశ్చింతగా తీసుకోవచ్చు. బిల్లు లేకపోతే, షట్టర్ మారలేదనే లెక్కలో ధర మాట్లాడాలి. డీఎస్ఎల్ఆర్ అయితే మిర్రర్ బాక్సు వయసు కౌంటు ప్రకారమే ఉంటుందని, షట్టర్ కొత్తదైనంత మాత్రాన మిర్రర్ మోటారు కొత్తది కాదని గుర్తుంచుకోవాలి.

ఎక్కువ కౌంటు, మొదటి షట్టర్

ఇది జూదమే, కాకపోతే లెక్క తెలిసిన జూదం. కొనే ధరకు షట్టర్ మార్పిడి ఖర్చు కలిపి చూసి, ఆ మొత్తం తక్కువ కౌంటు బాడీ ధర కన్నా స్పష్టంగా తక్కువగా ఉంటేనే కొనాలి. సర్వీస్ సెంటర్లో ముందుగానే కొటేషన్ అడగవచ్చు, ఆ మోడల్‌కు షట్టర్ యూనిట్ ఇంకా దొరుకుతోందా అన్నది అక్కడే తెలుస్తుంది. పాత మోడళ్లకు కంపెనీలు విడిభాగాలు ఆపేస్తాయి, అప్పుడు ఈ లెక్క మొత్తం తారుమారవుతుంది. నేర్చుకునే విద్యార్థికి, రెండో బాడీగా సంచిలో పెట్టుకునేవారికి ఇది సరిపోతుంది. మాంగల్యధారణ క్షణాన చేతిలో ఉండే ఒకే ఒక్క బాడీగా మాత్రం పనికిరాదు. షట్టర్ పోతే కెనాన్‌లో ఎర్రర్ 20 అనో 30 అనో తెర మీద పడుతుంది, పురోహితుడు మాత్రం ఆగడు.

ఉన్న కెమెరాకే కొత్త షట్టర్

తన కెమెరా చరిత్ర తనకు తెలుసు కాబట్టి ఈ దారిలో అనుమానాలు తక్కువ. ఖర్చు ఆ మోడల్ సెకండ్ హ్యాండ్ ధరలో సగానికి లోపు ఉండి, లెన్సులు, ఫ్లాష్, బ్యాటరీలు అన్నీ దానికి సరిపోయేవే అయితే నేను మార్పిడి వైపే మొగ్గుతాను. ఉదాహరణకు బాడీ మార్కెట్ ధర 60,000 రూపాయలనుకుంటే, కొటేషన్ 30,000 దాటిన రోజున చేయి వెనక్కు తీసుకోవాలి. కార్డు స్లాటు పిన్నులు వంగి, డయళ్లు మొరాయిస్తూ, స్క్రీన్ మచ్చపడి ఉన్న బాడీకి అంతకన్నా తక్కువైనా దండగే. ఇంకా పనిచేస్తున్న షట్టర్‌ను, కౌంటు రేటింగు దాటిందన్న భయంతో ముందే మార్పించుకోవడం సీజన్ మీద బతికే ఫోటోగ్రాఫర్‌కు ఒక్కడికే అర్థవంతం. అదీ ఆషాఢంలోనే చేయించుకోవాలి, మాఘం ముంగిట కాదు.

మెకానికల్ షట్టర్ లేని కెమెరా

2021లో వచ్చిన నికాన్ జెడ్9, 2023లో వచ్చిన జెడ్8, అదే ఏడాది ప్రకటించిన సోనీ ఎ9 మార్క్ 3 లలో కర్టెన్లే లేవు. అరిగే షట్టర్ లేదు కాబట్టి ఆ కౌంటుకు మన చర్చలోని అర్థం ఉండదు. సోనీలో సెన్సర్ మొత్తం ఒకేసారి చదవబడుతుంది, నికాన్ రెండింటిలోనూ వరుసలు చాలా వేగంగా చదవబడతాయి. ధర భరించగలిగిన వృత్తి ఫోటోగ్రాఫర్‌కు ఇక్కడితో బెంగ తీరుతుంది.

మామూలు మిర్రర్‌లెస్ కొని, ఎలక్ట్రానిక్ షట్టర్ మాత్రమే వాడి కౌంటు మిగుల్చుకుంటాననే వారికి మాత్రం ఒక హెచ్చరిక. అలాంటి ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మొత్తం చదవడానికి 1/20 సెకను పట్టిందనుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చౌక ఎల్ఈడీ దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది, సెన్సర్ చదివే ఆ 50 మిల్లీసెకన్లలో అయిదుసార్లు. కంటికి తెలియని ఆ మినుకు ఫోటోలో పెళ్లికూతురి పట్టుచీర మీద అయిదు అడ్డచారలుగా కూర్చుంటుంది. ఫ్లాష్ కూడా చాలా బాడీల్లో ఈ పద్ధతిలో పనిచేయదు. గుడి ప్రాంగణంలో, పగటి వెలుతురులో, పక్షుల దగ్గర ఎలక్ట్రానిక్ షట్టర్ వాడి, మండపంలో మెకానికల్‌కు మారడం మంచిది.

కౌంటర్ దగ్గర చేయవలసిన పరీక్ష

ముందు కౌంటు చదవండి, పది ఫోటోలు తీసి మళ్లీ చదవండి. అంకె పది పెరగాలి. తెల్లని గోడను ఫోకస్ తప్పించి, ఎక్స్‌పోజర్ సమంగా ఉండేలా ఎపర్చరూ ఐఎస్ఓ మార్చుకుంటూ 1/60 నుంచి కెమెరా గరిష్ఠ వేగం వరకూ వరుసగా తీయండి. ఆ వేగాల దగ్గర పైభాగమో కింది భాగమో నల్లబడితే, ఒకే వేగంలో తీసిన పది ఫోటోల్లో ఒకటి రెండు భిన్నంగా వస్తే, కర్టెన్లలో ఒకటి వెనకబడుతోందని అర్థం. కౌంటు ఎంత తక్కువున్నా ఆ బాడీ వదిలేయండి. ఎఫ్16 దగ్గర (లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి) తెల్లకాగితాన్ని తీసి, అంచుల్లో గుండ్రని మచ్చలున్నాయేమో చూడండి. దుమ్మైతే బ్లోవర్‌తో పోతుంది, షట్టర్ చిమ్మిన నూనె అయితే తుడిచినా కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. చివరగా, ఇదే కెమెరాతో తీసిన పాత ఒరిజినల్ ఫైలు ఒకటి ఇమ్మని అమ్మేవారిని అడగండి. సీరియల్ నంబరు కలిసి, కౌంటు తేదీలతో పాటు పెరుగుతూ వచ్చి ఉంటే బిల్లు లేకపోయినా సగం నమ్మకం కుదురుతుంది.

మీరే షట్టర్ మార్పించుకుంటున్నట్లయితే, కెమెరా ఇచ్చేముందు ఒక ఫోటో తీసి ఫైలు దాచుకోండి, తిరిగి తీసుకున్నాక ఇంకొకటి తీసి పక్కన పెట్టండి. జాబ్ షీటు మీద పాత కౌంటు, కొత్త కౌంటు, మార్చిన యూనిట్ కొత్తదా కాదా, బోర్డు ముట్టుకున్నారా లేదా అన్న నాలుగు వివరాలు చేతిరాతతోనైనా రాయించుకోండి. తేదీ, మార్చిన రోజునాటి కౌంటు రాసిన చిన్న స్టిక్కరు బ్యాటరీ మూత లోపలివైపు అంటిస్తే, రేపు ఆ బాడీ కొనేవారు మూత తీయగానే ఏ అంకెలోంచి ఏ అంకె తీసివేయాలో వారికి తెలుస్తుంది.